మెర్సెడ్ నుంచి బర్క్లీకి: క్యాంపస్ మారాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఏప్రిల్, మే నెలల్లో బే ఏరియాలో ఏ తెలుగువాళ్ళింటికి భోజనానికి వెళ్ళినా ఈ మాట చెవిన పడుతుంది: "ప్రస్తుతానికి మెర్సెడ్‌లో చేరనివ్వండి వదినా, రెండేళ్ళు పోయాక బర్క్లీకి మార్పించుకోవచ్చు. అంతా ఒకే యూనివర్సిటీ కదా!"

ఈ మాటలో సగమే నిజం. మారొచ్చు, మారుతున్నవాళ్ళూ ఉన్నారు. కాని 'ఒకే యూనివర్సిటీ కదా' అన్న ధీమాతో మొదటి ఏడాదంతా ఊరుకున్నవాళ్ళకి రెండో ఏడు అక్టోబరులో అప్లికేషన్ తెరిచేసరికి గొంతులో పచ్చి వెలక్కాయ పడుతుంది. తొలిసారి ఈ పనికి దిగే పిల్లలకీ, వాళ్ళకంటే ఎక్కువ కంగారుపడే తల్లిదండ్రులకీ పనికొచ్చేలా, ఏది ముందు, ఏది వెనక అన్నది చెబుతాను.

ముందు అడగాల్సిన ప్రశ్న

యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా 1868లో మొదలైంది. అందరూ యూసీ అంటారు. ఇప్పుడు దానికి 10 క్యాంపస్‌లు. శాన్ ఫ్రాన్సిస్కో క్యాంపస్ పూర్తిగా వైద్యం, ఆరోగ్య శాస్త్రాల పై చదువులకే కాబట్టి దాన్ని పక్కన పెడితే, మన లెక్కకి వచ్చేవి తొమ్మిది: బర్క్లీ, డేవిస్, మెర్సెడ్, శాంటా క్రూజ్, శాంటా బార్బరా, లాస్ ఏంజెలెస్, ఇర్వైన్, రివర్‌సైడ్, శాన్ డియాగో. పైన రీజెంట్ల బోర్డు ఒకటే, ప్రెసిడెంటు ఒక్కరే. కిందికి వచ్చేసరికి ప్రతి క్యాంపస్‌కీ సొంత ఛాన్సలర్, సొంత అడ్మిషన్ల ఆఫీసు, సొంత డిగ్రీ నియమాలు.

అందుకని ఇది బ్యాంకు ఉద్యోగికి కర్నూలు బ్రాంచి నుంచి విజయవాడ బ్రాంచికి బదిలీ ఆర్డరు రావడం లాంటిది కాదు. ఇంకో బ్యాంకులో ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టి, బయటివాళ్ళతో పాటు వరసలో నిలబడటం. వేరే రాష్ట్రం నుంచి వచ్చే విద్యార్థి ఏ ఫారం నింపుతాడో డేవిస్‌లో చదువుతున్న మీ అమ్మాయి కూడా అదే నింపాలి.

అన్ని రాష్ట్రాల్లోనూ ఇలాగే ఉండదు. పెన్సిల్వేనియాలో పెన్ స్టేట్ సంగతి వేరు. రాష్ట్రమంతటా ఉన్న దాని క్యాంపస్‌లు ఒకే యూనివర్సిటీ కింద లెక్క. చిన్న క్యాంపస్‌లో రెండేళ్ళు చదివి, మిగతా రెండేళ్ళకి ప్రధాన క్యాంపస్ యూనివర్సిటీ పార్క్‌కి వెళ్ళడం అక్కడ మామూలు దారి. 'టూ ప్లస్ టూ' అంటారు. మేజర్‌లోకి వెళ్ళడానికి కావలసిన కోర్సులు, గ్రేడ్లు ఉంటే క్యాంపస్ మార్పు అడుగుతారు, కొత్త అడ్మిషన్ కాదు. అయితే అక్కడ చేరేవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి. 2027 స్ప్రింగ్ సెమెస్టర్ తర్వాత ఏడు చిన్న క్యాంపస్‌లు మూసేయాలని 2025 మేలో వాళ్ళ బోర్డు తీర్మానించింది.

కాబట్టి ఏ రాష్ట్రమైనా, సలహాదారుని ముందుగా అడగాల్సింది ఒక్కటే: ఇది క్యాంపస్ మార్పా, కొత్త అడ్మిషనా? జవాబును బట్టి మిగతా పనంతా మారిపోతుంది. ఇక్కణ్ణుంచి చెప్పేదంతా కాలిఫోర్నియా గురించి.

వరసలో మీ చోటు

చాలామంది తల్లిదండ్రులకి మింగుడుపడని విషయం ఇది. యూసీకి ట్రాన్స్‌ఫర్ అయ్యేవాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా ఆ రాష్ట్రపు కమ్యూనిటీ కాలేజీల నుంచే వస్తారు. నియమం ప్రకారమే వాళ్ళకి పెద్దపీట. 1960 నాటి కాలిఫోర్నియా మాస్టర్ ప్లాన్‌లో దీనికి పునాది పడింది: యూనివర్సిటీలో నేరుగా సీటు రానివాళ్ళు ఊళ్ళో కాలేజీలో రెండేళ్ళు చదివి పైకి రావచ్చని రాష్ట్రం మాట ఇచ్చింది. ఒక యూసీ నుంచి ఇంకో యూసీకి వెళ్ళేవాళ్ళు వాళ్ళ తర్వాతే.

"యూసీలో చదువుతున్న మా వాడికంటే డి ఆంజా కమ్యూనిటీ కాలేజీ పిల్లాడు ముందా?" అని అడుగుతారు. అవును, ముందే. నన్నడిగితే అది న్యాయమే. మీవాడికి ఇప్పటికే ఒక యూసీ సీటు ఉంది, ఆ పిల్లాడికి లేదు.

ట్యాగ్ అనే ఒప్పందం గురించి కూడా వినే ఉంటారు. కొన్ని షరతులు తీరిస్తే సీటు ఖాయమని ముందే రాసిచ్చేది. అది కమ్యూనిటీ కాలేజీ విద్యార్థులకే. పైగా బర్క్లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియాగో క్యాంపస్‌లు అందులో లేవు.

ఇదంతా విన్నాక కొందరికి ఒక చిట్కా తడుతుంది: యూసీ మానేసి కమ్యూనిటీ కాలేజీలో చేరి, అక్కణ్ణుంచి మళ్ళీ వస్తే ముందు వరసలో ఉంటాం కదా! లెక్క ప్రకారం కుదురుతుంది. వేసవి కాకుండా చివరి టర్ము కమ్యూనిటీ కాలేజీలో చదివి ఉండాలి. యూసీ ఒప్పుకునే కోర్సులు కనీసం 30 సెమెస్టర్ యూనిట్లు, అంటే 45 క్వార్టర్ యూనిట్లు, అక్కడే పూర్తిచేసి ఉండాలి. మొదటి ఏడాది యూసీలో చేరి, డబ్బు వల్లో ఇంటి మీద బెంగ వల్లో వెనక్కి వచ్చేసిన పిల్లలకి ఇది మంచి దారి. సీటు చేతిలో ఉండగా ఉత్త ఎత్తుగడగా చేస్తే మాత్రం జూదం. పాత క్యాంపస్‌కి తిరిగి రావాలంటే రీఅడ్మిషన్ అడగాలి. యూసీలో చేసిన యూనిట్లు ఎక్కడికీ పోవు, లెక్కలో కలుస్తూనే ఉంటాయి. కోరుకున్న క్యాంపస్ కాదంటే ఉన్నదీ పోయి, ఉంచుకున్నదీ పోయినట్టవుతుంది.

ఏ ఏడు అప్లికేషన్ పెట్టాలి

మూడో ఏడాదిలోకి, అంటే జూనియర్‌గా తీసుకోవడమే ఇక్కడ ఆనవాయితీ. మొదటి ఏడు కాగానే మారిపోదామనుకుంటే దాదాపు అన్నిచోట్లా తలుపులు మూసే ఉంటాయి. చేరబోయే ఫాల్‌కి ముందున్న స్ప్రింగ్ ముగిసేసరికి 60 సెమెస్టర్ యూనిట్లు, క్వార్టర్ లెక్కలో అయితే 90, పూర్తవ్వాలి. అంటే రెండో ఏడు మొదట్లో అప్లికేషన్ పెడతారు, మూడో ఏడు కొత్తచోట చేరతారు.

ఆ యూనిట్లలో ఏడు కోర్సులు తప్పనిసరి: ఇంగ్లీషు రచన రెండు, గణితం ఒకటి, మిగతా నాలుగు కళలు-మానవీయ శాస్త్రాలు, సామాజిక శాస్త్రాలు, భౌతిక-జీవ శాస్త్రాల్లో కనీసం రెండు విభాగాల నుంచి. ఒక్కోదాంట్లో సి గానీ అంతకంటే పైన గానీ రావాలి. జీపీఏ కాలిఫోర్నియా నివాసులకి కనీసం 2.4, బయటివాళ్ళకి 2.8. ఇది గేటు దాటడానికి పనికొచ్చే అంకె మాత్రమే. బర్క్లీ, లాస్ ఏంజెలెస్‌లలో సీటు వచ్చిన ట్రాన్స్‌ఫర్ విద్యార్థుల్లో ఎక్కువమంది 3.7 దాటినవాళ్ళే.

యూనిట్ల విషయంలో ముందు నుయ్యి, వెనక గొయ్యి. 60కి తగ్గితే అర్హత లేదు. మరీ పెరిగితే 'ఇతను సీనియర్ అయిపోయాడు' అని పక్కన పెట్టేస్తారు. కమ్యూనిటీ కాలేజీ పిల్లలకి ఈ భయం తక్కువ, ఎందుకంటే వాళ్ళు చేసేవన్నీ కింది స్థాయి కోర్సులే. యూసీలో ఉన్నవాళ్ళు రెండో ఏట ఉత్సాహం కొద్దీ పైస్థాయి కోర్సులు కూడా చేసేస్తారు. రెండూ కలిసి హద్దు దాటేది అక్కడే. హైస్కూల్లో రాసిన ఏపీ పరీక్షల యూనిట్ల వల్ల ఈ చిక్కు రాదు, భయపడొద్దు. కాని ఆ ఏపీ మార్కులకి ఏ కోర్సు మినహాయింపు ఇవ్వాలన్నది ప్రతి క్యాంపస్ తన పట్టిక ప్రకారం మళ్ళీ మొదటినుంచి చూస్తుంది.

ఇంకొకటి. మేజర్‌కి కావలసిన కోర్సుల్ని పాస్/నో పాస్ కింద తీసుకోవద్దు. అక్షరం గ్రేడే కావాలి.

కోర్సులు: అసలు పని ఇక్కడుంది

అప్లికేషన్‌లో వ్యాసాల గురించి రాత్రుళ్ళు కూర్చుని ఆలోచించేవాళ్ళు, ఏ కోర్సులు తీసుకోవాలన్నది మాత్రం స్నేహితుణ్ణి అడిగి తేల్చేస్తారు. నిజానికి సీటు తేలేది కోర్సుల దగ్గరే.

మీరు వెళ్ళదలచుకున్న క్యాంపస్‌లో ఆ మేజర్ పేజీ తెరిచి, ట్రాన్స్‌ఫర్ విద్యార్థి ముందే పూర్తిచేయాల్సిన కోర్సుల జాబితా చూడండి. పక్కన మీ క్యాంపస్‌లో దానికి సరిపోయే కోర్సు రాసుకోండి. అసిస్ట్ అనే వెబ్‌సైటు ముఖ్యంగా కమ్యూనిటీ కాలేజీ కోర్సుల్ని యూసీ కోర్సులతో సరిపోల్చడానికి కట్టింది. యూసీ నుంచి యూసీకి వెళ్ళేవాళ్ళకి అలాంటి సిద్ధమైన పట్టిక దొరక్కపోవచ్చు. అందుకని అనుమానం ఉన్న ప్రతి కోర్సుకీ సిలబస్ జతచేసి ఆ డిపార్ట్‌మెంట్ సలహాదారుకి ఉత్తరం రాయండి, వచ్చిన జవాబు దాచుకోండి. యూనిట్లు ఎలాగూ చెల్లుతాయి. కాని ఆ కోర్సు మేజర్ నియమానికి చెల్లుతుందా అన్నది వేరే ప్రశ్న. తొలిసారి వెళ్ళేవాళ్ళు ఈ రెంటినీ కలిపేస్తారు.

అందులోనూ క్వార్టర్, సెమెస్టర్ల తిరకాసు ఒకటుంది. తొమ్మిది క్యాంపస్‌లలో బర్క్లీ, మెర్సెడ్ మాత్రమే సెమెస్టర్ పద్ధతి, మిగతా ఏడూ క్వార్టర్. ఒక సెమెస్టర్ యూనిట్ అంటే ఒకటిన్నర క్వార్టర్ యూనిట్లు. డేవిస్‌లో 4 యూనిట్ల కోర్సు బర్క్లీకి వెళ్ళేసరికి 2.67 అవుతుంది. అంకె తగ్గిందని కంగారు పడక్కర్లేదు, మీ 90 కూడా అక్కడ 60గానే లెక్క.

చిక్కు వచ్చేది మధ్యలో ఆపేసిన వరస కోర్సులతో. డేవిస్‌లో ఇంజనీరింగ్ పిల్లలు చేసే ఫిజిక్స్ 9ఏ, 9బీ, 9సీ మూడు క్వార్టర్ల ముచ్చట. అదే పాఠ్యాంశాన్ని సెమెస్టర్ క్యాంపస్‌లు రెండు భాగాలుగా కోస్తాయి. ఆ కోత మీ కోతతో కలవదు. మీరు 9ఏ, 9బీ చేసి ఆగితే అవతల మొదటి భాగం పూర్తవుతుంది, రెండో భాగం సగంలో ఉంటుంది. ఆ సగానికి అక్కడ సరిపోయే కోర్సు ఉండదు కాబట్టి చదివిందే మళ్ళీ చదవాలి. క్యాలిక్యులస్‌కీ ఇదే వర్తిస్తుంది. మారే ముందు ఏ వరస మొదలుపెట్టినా చివరికంటా పూర్తిచేయండి. స్ప్రింగ్ క్వార్టర్‌లో చేతికి కొత్త ఎలెక్టివ్, పాత వరసలో చివరి కోర్సు రెండూ వస్తే రెండోదే తీసుకోండి.

మేజర్ ఎంపికలో దొడ్డిదారులు వెతకొద్దు. "ఏదో ఒక మేజర్‌లో బర్క్లీలో పడితే తర్వాత కంప్యూటర్ సైన్స్‌కి మారొచ్చు" అనే సలహా ఇప్పుడు పాతబడింది. 2023లో చేరిన బ్యాచి నుంచి బర్క్లీ కంప్యూటర్ సైన్స్‌కి నేరుగా ఆ మేజర్‌లోకే సీటు ఇస్తోంది. లోపలికి వచ్చాక మారడం చాలా కష్టం. ఏ మేజర్‌కి ఎంత పోటీ ఉందో, సీటు వచ్చినవాళ్ళ జీపీఏ ఎంతో యూసీ ఇన్ఫర్మేషన్ సెంటర్ ఏటా మేజర్ల వారీగా పెడుతుంది. అవి కమ్యూనిటీ కాలేజీ నుంచి వచ్చినవాళ్ళ అంకెలు. మీరు వాళ్ళ వెనక వరసలో ఉన్నారని గుర్తుపెట్టుకుని చదవాలి.

అప్లికేషన్

ఫారం ఆగస్టు 1న తెరుచుకుంటుంది. పంపడానికి గడువు అక్టోబరు 1 నుంచి నవంబరు 30 వరకు. చివరి రోజు సెలవు దినమైతే ఒకటి రెండు రోజులు జరుగుతుంది, కాని థ్యాంక్స్‌గివింగ్ సెలవుల్లో అందరూ ఒకేసారి మీదపడే వెబ్‌సైటుని నమ్ముకోకండి. ఒక్కో క్యాంపస్‌కీ రుసుము 80 డాలర్లు, విదేశీ విద్యార్థులకి 95. ప్రస్తుతం చదువుతున్న యూసీ నుంచి వెళ్తున్నామని ఇందులో రాయితీ ఏమీ లేదు. ఆదాయం తక్కువున్న కుటుంబాలకి నాలుగు క్యాంపస్‌ల వరకు రుసుము మాఫీ దొరకొచ్చు.

ఎస్ఏటీ, ఏసీటీ మార్కులు చూడరు. సిఫారసు లేఖలు ముందుగా అడగరు. నాలుగు చిన్న జవాబులు రాయాలి, ఒక్కోటి 350 పదాలు మించకూడదు. మేజర్‌కి ఎలా సిద్ధమయ్యారన్నది తప్పనిసరి ప్రశ్న. మిగతా ఏడింటిలో మూడు మీ ఇష్టం. ఈ జవాబులు మీరు ఎంచుకున్న అన్ని క్యాంపస్‌లకీ ఒకటే వెళ్తాయి. కాబట్టి "బర్క్లీలో చదవాలన్నది నా చిన్ననాటి కల" అని రాస్తే శాన్ డియాగోవాళ్ళు కూడా అదే చదువుతారు.

ఎందుకు మారుతున్నారో చెప్పాల్సి వస్తే చదువు కారణమే చెప్పండి. మీ క్యాంపస్‌లో లేని స్పెషలైజేషన్, మీరు చేయదలచుకున్న పరిశోధన జరిగే ల్యాబ్, అక్కడే ఉన్న ప్రోగ్రాం. ఇప్పుడున్న చోటుని తిట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. చదివేవాళ్ళు కూడా యూసీ మనుషులే.

చదివిన ప్రతి కాలేజీ, వచ్చిన ప్రతి గ్రేడు రాయాలి. వేసవిలో ఓలోనీ కమ్యూనిటీ కాలేజీలో చేసి వదిలేసిన ఒక్క కోర్సయినా సరే. దాచి తర్వాత దొరికితే ఇచ్చిన సీటు లాగేసుకుంటారు.

నవంబరు తర్వాత నిద్రపోకండి. జనవరిలో ట్రాన్స్‌ఫర్ అకడమిక్ అప్‌డేట్ అనే ఫారం వస్తుంది. ఫాల్ గ్రేడ్లు, ఇకపై తీసుకునే కోర్సులు అందులో నింపి జనవరి 31లోగా పంపాలి. ఇది పంపకపోతే ఎంత మంచి అప్లికేషనైనా అరకొరగా మిగిలిపోతుంది. ఫలితాలు ఏప్రిల్ చివరికల్లా వస్తాయి, ఒప్పుకోవడానికి గడువు జూన్ 1.

ఏప్రిల్ వరకు ఎక్కడున్నారో అక్కడే మామూలుగా చదువుకోండి. వచ్చే ఏటి కోర్సులకి పాత క్యాంపస్‌లో పేరు నమోదు చేసుకోవడం తప్పు కాదు. కొత్తచోట సీటు ఒప్పుకున్నాక, ఫాల్ ఫీజు పడకముందే రద్దుచేసుకుంటే సరిపోతుంది.

మారకుండానే పని జరిగే దారులు

ఒక ప్రొఫెసరు కోర్సో, ఒక భాషో మాత్రమే కావాలంటే ఇంత ప్రయాణం అక్కర్లేదు. యూసీ ఆన్‌లైన్ ద్వారా ఇతర క్యాంపస్‌లవాళ్ళు నడిపే ఆన్‌లైన్ కోర్సులు అదనపు ట్యూషన్ లేకుండా తీసుకోవచ్చు. ఇంటర్‌క్యాంపస్ విజిటర్ అనే ఏర్పాటు కూడా ఉంది. సొంత క్యాంపస్‌లో ఏడాది చదివి, 2.0 జీపీఏ ఉండి, సలహాదారు ఒప్పుకుంటే కొంతకాలం ఇంకో క్యాంపస్‌లో చదివి తిరిగి రావచ్చు. డిగ్రీ మీద పేరు పాతదే. పేరు కోసమే మారదామనుకున్నవాళ్ళకి ఇది నచ్చదు, అది వేరే సంగతి.

సీటు వచ్చాక

ఊరు వదిలే ముందు పాత క్యాంపస్ నుంచి ఒక కాగితం తీసుకోండి. అక్కడి జనరల్ ఎడ్యుకేషన్ నియమాలన్నీ పూర్తిచేసి ఉంటే కొత్త క్యాంపస్ మళ్ళీ చేయమనదు. యూసీల మధ్య ఆ ఒప్పందం ఉంది. కాని పూర్తయిందని పాత క్యాంపస్ రాసిచ్చిన ఉత్తరం చూపించాలి. మారకముందే పూర్తవ్వాలి, ఒక్క కోర్సు మిగిలినా ఈ సదుపాయం పోతుంది. ఇంజనీరింగ్ వాళ్ళు తమ కాలేజీలో ఇది చెల్లుతుందో లేదో విడిగా కనుక్కోవాలి. చివరి ట్రాన్స్‌క్రిప్ట్ జూలై 1లోగా చేరాలి. స్ప్రింగ్‌లో గ్రేడ్లు జారవిడిస్తే సీటు వెనక్కి తీసుకునే హక్కు వాళ్ళకి ఉంటుంది.

డబ్బు సంగతి. ఆర్థిక సాయం తనంతట తాను మీ వెంట రాదు. ఫెడరల్ సాయానికి పెట్టే ఫాఫ్సా ఫారంలో కొత్త క్యాంపస్ పేరు చేర్చాలి, రాష్ట్రం ఇచ్చే కాల్ గ్రాంట్ ఉంటే కాలేజీ మారినట్టు అక్కడా మార్చాలి. రీజెంట్స్ స్కాలర్‌షిప్ లాంటివి క్యాంపస్ ఇచ్చేవి, అక్కడే ఆగిపోతాయి. కొత్తచోట వచ్చే సాయం ఎంతో చూడకుండా జూన్ 1న సరే అనకండి. కొత్త క్యాంపస్ రెసిడెన్స్ ఫారం కూడా మళ్ళీ నింపమంటుంది. హెచ్-4 మీదున్న పిల్లలు కాలిఫోర్నియా నివాసులుగా లెక్కకి రావచ్చు, ఎఫ్-1 మీదున్నవాళ్ళు రాలేరు. 21 నిండగానే హెచ్-4 పోతుంది కాబట్టి, ఆ పుట్టినరోజు మూడో ఏడు, నాలుగో ఏడు మధ్యలో పడే పిల్లలున్న ఇళ్ళలో క్యాంపస్ మారకముందే ఈ లెక్క తేల్చుకోవాలి.

హైదరాబాద్ నుంచో వైజాగ్ నుంచో ఎఫ్-1 మీద వచ్చినవాళ్ళకి ఒక పని ఎక్కువ. రెండూ యూసీ క్యాంపస్‌లే అయినా, విదేశీ విద్యార్థుల కోసం ప్రభుత్వం ఉంచే సెవిస్ రికార్డు ఒక క్యాంపస్ నుంచి ఇంకోదానికి బదిలీ కావాలి. సీటు వచ్చిన కాగితంతో పాత క్యాంపస్ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుకి వెళ్ళి రిలీజ్ తేదీ పెట్టించుకోవాలి. ఆ తేదీ తర్వాత పాత క్యాంపస్‌లో లైబ్రరీ ఉద్యోగమైనా సరే చేయకూడదు. వేసవి కోర్సులు అక్కడే చేస్తుంటే అవి అయ్యాకే తేదీ పెట్టించుకోవాలి. రిలీజ్ అయిన అయిదు నెలల్లోపు కొత్తచోట క్లాసులు మొదలవ్వాలి. కొత్త ఐ-20 వస్తుంది, సెవిస్ నంబరు పాతదే. వీసా గడువు ఉంటే దాని మీద పాత క్యాంపస్ పేరున్నా మళ్ళీ స్టాంపింగ్‌కి పరుగెత్తక్కర్లేదు, ఇండియా వెళ్ళేటప్పుడు కొత్త ఐ-20 వెంట ఉండాలి.

ఇల్లు. డేవిస్‌లో విద్యార్థుల అద్దె ఒప్పందాలు చాలావరకు సెప్టెంబరు 1న మొదలై ఆగస్టు 31న ముగుస్తాయి. వచ్చే ఏటి ఇళ్ళకి సంతకాలు మాత్రం చలికాలంలోనే పెట్టించుకుంటారు. అంటే మీకు బర్క్లీ జవాబు రాకముందే. రూమ్మేట్లు తొందరపెడుతుంటే మొహమాటపడకుండా ఏప్రిల్ దాకా ఆగమని చెప్పండి, లేదా సబ్‌లీజ్‌కి ఒప్పుకునే ఇల్లే చూడండి. బర్క్లీ క్లాసులు ఆగస్టు చివర్లో మొదలవుతాయి కాబట్టి ఆ కొన్ని రోజులకి రెండు ఊళ్ళలో అద్దె కట్టక తప్పదు. అది కూడా ఖర్చుల చీటీలో రాసుకోండి.